రుజువు లేని కుందేలు కూర

అమీర్‌పేటలో ఇప్పుడు ఏ హోటల్ ముందైనా "కుందేలు వేపుడు" అని బోర్డు కనబడితే లోపలికి పోయి తినండి, నేను వద్దనను. అది అడవి కుందేలు అనుకుని మాత్రం తినకండి. అది బోనులో పుట్టి బోనులో పెరిగిన జీవి. ఒక్కనాడు కూడా కుక్కకు భయపడి పరిగెత్తి ఎరగదు. దాని మాంసం తెల్లగా దూదిలా ఉంటుంది, ఏ మసాలా వేస్తే ఆ రుచి. ఈ మధ్య ఒక కుర్రాడు ఫోన్లో అలాంటిదే వండి చూపిస్తూ "అడవి రుచి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మంట మీదే ఇది రాస్తున్నాను. రాయమని నన్నెవరూ అడగలేదు.

నేను బడికి పోయినవాణ్ణి కాను. లవంగాలు, యాలకులు పొట్లం కట్టి వచ్చే పేపరు ముక్కలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. అందుకని ఆ రోజుల్లో నాకు తెలిసిన లోకజ్ఞానమంతా చిరిగిన అంచుల దాకానే. ఒక మంత్రి ఎందుకు రాజీనామా చేశాడో తెలిసేది, ఆయన పేరు మాత్రం పక్క పొట్లంలోకి పోయేది. అయినా చదివినదాన్ని నేను మర్చిపోయే రకం కాదు. ఇవాళ్టి పిల్లలు నిండు పేజీలు ముందు పెట్టుకుని కూడా ఏమీ గుర్తుంచుకోరు, అది వేరే ఏడుపు.

ఎనభైల్లో నేను వంట మాస్టర్‌గా ఉన్న హోటల్ అమీర్‌పేట నుంచి పంజాగుట్ట పోయే రోడ్డు మీదే, ఒక సందు మొగదల ఉండేది. పెద్దదేమీ కాదు. ముందు హాలు, వెనక వంటిల్లు, పక్కన ఒక సామాన్ల గది. ఓనరు గారిది కోస్తా. మంచివారే, కానీ ఆయన భయం ఆయన కంటే ఒక అడుగు ముందు నడిచేది. పైగా మాంసం హోటల్ పెట్టిన కొత్తలోనే తిరుపతిలో మొక్కుకుని ఆయన మాంసం మానేశారు. మానేస్తే మానేశారు, వంటింట్లోకి వచ్చి గిన్నె మీద మూత తీసి, ముక్కు పెట్టి, "మాస్టారూ, ఉప్పు కాస్త తగ్గిందండీ" అనేవారు. వాసన చూసి ఉప్పు చెప్పే మనిషితో ఏళ్ల తరబడి పనిచేశాను. నా ఓపిక గురించి ఇంకేమీ చెప్పనవసరం లేదు.

మాంసం కొట్టే పని భాయ్‌ది. హోటల్ షట్టరు మొదటిసారి లేచిన నాటి నుంచీ ఆయనే. ఎర్రగడ్డ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. మొండివాడు. ఉల్లిగడ్డ ఎంత ఎర్రగా వేగాలన్న దాని మీద మా ఇద్దరికీ రోజూ గొడవే. కానీ ఆయన మాటకు ఒక విలువ ఉండేది. తెలిసిన గిరాకీలు హాల్లో కూర్చోకముందే వంటింటి గుమ్మం దాకా వచ్చి, "భాయ్, మటన్ ఎట్లుంది ఇయ్యాల?" అని అడిగేవారు. బాగా లేని రోజున, ఓనరు పక్కనే నిలబడి ఉన్నా సరే, "ఇయ్యాల వద్దన్నా, ముసలిది పడ్డది, కోడి తిను" అనేవాడు. ఓనరు మొహం మాడిపోయేది. గిరాకీ మాత్రం మళ్లీ వచ్చేది.

ఒక ఏడు హోటల్ లీజు అయిపోవచ్చింది. బిల్డింగ్ సొంతదారు బంజారా హిల్స్‌లో ఉండే పెద్దమనిషి. ఒకసారి వచ్చి మటన్ తిని, పళ్లు కుట్టుకుంటూ, "చిన్నప్పుడు మా ఊళ్ల అడివి కుందేలు తింటుంటిమి. గిప్పుడు యాడ దొరుకుతది?" అని ఊరికే అన్నాడు. ఊరికే అన్న మాట అది. మా ఓనరు దాన్ని లీజు షరతుగా విన్నారు. వచ్చే ఆదివారం స్నేహితులతో భోజనానికి రమ్మన్నారు, అడవి కుందేలు పెడతానన్నారు, ఒక లారీ డ్రైవరుకు చెప్పి వికారాబాద్ వైపు నుంచి తెప్పించే ఏర్పాటు కూడా చేశారు. అంతా అయ్యాక నాకు చెప్పారు.

నాకు ఆ సంగతి ఏదో గసాల పొట్లంలో చదివిన గుర్తుంది. "సార్, అడవి కుందేలును పట్టినా, అమ్మినా, వండినా నేరం. చట్టం ఉంది. మనం వండొద్దు" అన్నాను.

"ఎవరు చూడొచ్చారండీ మాస్టారూ?"

"చూస్తే జైలు."

జైలు అన్న మాటకు ఆయన మొహంలో రంగు మారింది. హమ్మయ్య, బుద్ధి వచ్చిందనుకున్నాను. నా పిచ్చి. నేను వండొద్దని చెప్పాను, ఆయన దాచమని విన్నారు.

ఆదివారం వచ్చింది. టీవీలో పురాణం వచ్చే రోజులవి, ఆదివారం పొద్దున రోడ్డు మీద కుక్క కూడా కనబడేది కాదు. ఆ నిర్మానుష్యంలో లారీ డ్రైవరు గంపతో నాలుగు కుందేళ్లు దించిపోయాడు. ప్రాణంతోనే ఉన్నాయి. భాయ్ ఒక్కోదాన్నీ బిస్మిల్లా చెప్పి కోశాడు. చెవి అంచు పట్టి చీల్చి చూసి, "మూడు లేతయి, ఒకటి తాత" అన్నాడు. తోలు తీశాడు. తర్వాత మూడింటి కాళ్లూ తలలూ పక్కనపెట్టి, నాలుగోదాని వెనక కాలికి మాత్రం మడమ కింద బొచ్చు అట్లాగే ఉంచాడు.

ఇది మా వైపు పాత పద్ధతి. తోలు తీశాక కుందేలుకూ పిల్లికీ పెద్ద తేడా తెలియదు. అందుకని అమ్మేవాడు ఒక కాలికి బొచ్చు ఉంచుతాడు, కొనేవాడు అది చూసుకుని నమ్ముతాడు. విందుకైతే ఆ కాలు పళ్లెంలో పెట్టి ముందు పెద్దవాళ్లకు చూపిస్తారు, ఆ తర్వాతే వడ్డన.

ఓనరు లోపలికి వచ్చి ఆ కాలు చూసి అదిరిపడ్డారు.

"ఏంటి భాయ్ ఇది? బొచ్చేంటి? తీసెయ్, అన్నీ తీసెయ్. చెవులు, తోళ్లు, కాళ్లు, తలలు, ఒక్క వెంట్రుక కూడా ఈ వంటింట్లో ఉండకూడదు."

"గదెట్ల సాబ్? కాలు సూపియ్యకుంటే ఎట్ల నమ్ముతరు?"

"నేను చెబితే నమ్మరా?"

భాయ్ నా వైపు చూశాడు. నేను, "సార్, భాయ్ చెప్పింది నిజం. వండేదే అయితే ఆ ఒక్క కాలు ఉండనివ్వండి" అన్నాను.

"మీరేగదండీ జైలన్నారు!"

ఇలాంటి మనిషికి ఏం చెప్పాలి? భయం ఉన్నవాడు వండకూడదు. వండేవాడు భయపడకూడదు. ఈయన రెండూ కలిపి పోపు పెట్టారు. భాయ్ పళ్లు కొరుక్కుంటూ తోళ్లూ తలలూ కాళ్లూ గోనె సంచిలో కుక్కి, మూతి బిగించి, చౌరస్తా దగ్గరి చెత్తకుండీలో పడేసి వచ్చాడు.

అడవి కుందేలు వండడం అంటే గొడ్డు చాకిరీ. మాంసం నల్లగా ఉంటుంది, కొవ్వు అన్నది వెతికినా దొరకదు, గడ్డివాసన వదలదు. ఉప్పూ పసుపూ పట్టించి కడగాలి, మజ్జిగలో నానేయాలి, నూనె మామూలు కంటే ఎక్కువ పోయాలి, సన్నటి సెగ మీద కదలకుండా ఉండాలి. తొందరపడితే చెప్పు తోలే. నేను ఎండుకొబ్బరి, ధనియాలు వేయించి నూరుతుంటే భాయ్ పెరుగూ వేయించిన ఉల్లిగడ్డా పట్టుకొచ్చాడు.

"మాస్టర్, జర నా మాట ఇను. కొబ్బరేస్తే ముసలోళ్ల కూర అయితది."

"నువ్వు పెరుగేస్తే బిర్యానీ అవుతుంది. నీ మాంసం మొద్దు దగ్గరికి పో."

ఇంతలో ఓనరు జీడిపప్పు ముద్దతో దిగారు. "చిక్కగా ఉంటుందండీ, పెద్దవాళ్లు కదా." మేమిద్దరం ఒక్కసారే ఆయన మీద పడ్డాం. వంట సంగతిలో మా ఇద్దరికీ ఒక మాట మీద పొత్తు కుదిరింది ఆ వేళే. ఆయన జీడిపప్పుతో వెనక్కి పోయారు. పోతూ మాంసం వాసనకు పిచ్చెక్కి తిరుగుతున్న హోటల్ పిల్లిని సామాన్ల గదిలో పెట్టి గొళ్లెం వేయమన్నారు. అది రోజూ గల్లాపెట్టె మీద పడుకునే పిల్లి, గిరాకీలందరికీ ఎరుకే. భాయ్ దాన్ని లోపల వేశాడు.

మధ్యాహ్నం పెద్దమనిషి కారు దిగాడు. వెంట స్నేహితులు నలుగురు. హాలు వాళ్ల కోసమే ఖాళీ ఉంచారు. జొన్నరొట్టెలు, కూర. మొదటి ముద్దకే ఆయన కళ్లు మూసుకున్నాడు. "అరే, మా అవ్వ గుర్తుకొచ్చిందయ్యా!" అన్నాడు. ఓనరు మొహం వెలిగిపోయింది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. నిజం చెప్పాలంటే నాకూ గర్వంగానే ఉంది.

రెండోసారి వడ్డించాక ఒక లావుపాటి స్నేహితుడు సన్నటి పొడుగాటి ఎముక ఒకటి వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఏమయ్యా, పిల్లి గాదు గద?"

అందరూ నవ్వారు. ఓనరు కూడా నవ్వి ఊరుకుంటే సరిపోయేది. ఆయన నవ్వలేదు. చెమటలు పట్టి, "అయ్యయ్యో, లేదండీ, కాదండీ, అస్సలు కాదండీ" అని చేతులు ఊపడం మొదలుపెట్టారు. అంత గట్టిగా కాదంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. పెద్దమనిషి ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది.

"కాలు సూపియ్యలేదేంది మరి?"

"అదండీ... లేదండీ."

"తలకాయ?"

"పారేశామండీ."

"తోలు?"

"అదీ పారేశామండీ."

లావుపాటాయన గల్లాపెట్టె వైపు చూశాడు. "మీ హోటల్ పిల్లి యాడున్నది? రోజు గీడనే పంటది గద?"

నేను పరుగున పోయి సామాన్ల గది గొళ్లెం తీసి పిల్లిని చంకలో పెట్టుకొచ్చి చూపించాను. అది నా చేతిని గీరి అరిచింది. ప్రాణంతో ఉన్న పిల్లి కంటే గొప్ప సాక్ష్యం ఏముంటుందనుకున్నాను.

"ఊళ్ల ఒక్కటే పిల్లి ఉన్నదా?" అన్నాడు లావుపాటాయన.

అప్పుడు పెద్దమనిషి పళ్లెం ఓనరు వైపు జరిపాడు. "సరే. గీ ఒక్క ముక్క నువ్వు తిను. అప్పుడు నమ్ముత."

"నేను మాంసం ముట్టనండీ. తిరుపతి మొక్కు..."

"గిది మస్తుగున్నది! హోటల్ నీది, కూర నీది, నువ్వు మాత్రం ముట్టవ్!"

ఇక మా ఓనరుకు దారి లేదు. ఉంది అసలు. "కుందేలేనండీ, చట్టానికి భయపడి పారేశాం" అని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. తింటున్నది వాళ్లే కదా, పోలీసులను పిలుస్తారా? కానీ ఆ మాట ఆయన నోట రాలేదు. బదులుగా వచ్చినది ఇది: "నాకేం తెలుసండీ! కోసిందీ కొట్టిందీ మా భాయ్. వాడేం చేశాడో! ఇప్పుడే పనిలోంచి తీసేస్తానండీ. భాయ్, పో, రేపటి నుంచి రాకు."

భాయ్ అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. అంతా విన్నాడు.

మీకు ఇక్కడ ఒక సంగతి అర్థం కావాలి. ఉద్యోగం పోతే ఇంకో హోటల్ దొరుకుతుంది. కానీ పిల్లిని కోసి పెట్టాడన్న మాట ఒకసారి బయటికి పోతే, అమీర్‌పేట నుంచి ఎర్రగడ్డ దాకా ఆ మనిషి చేతి మాంసం ఎవరూ కొనరు. ఇంట్లో, మసీదులో, బస్తీలో కూడా తల ఎత్తుకోలేడు. దేవుడి పేరు చెప్పి కోసిన చెయ్యి అది. ఆ చెయ్యి హరాం చేసిందని నలుగురిలో అన్నారు.

"సార్, మీరు అంటున్నదేంటి? మీరేగా పారేయమన్నది!" అని నేను అరిచాను. అరిచాను, నిజంగానే. ఎవరూ నా వైపు తిరగలేదు. వంటవాడు అరిస్తే కూర మాడిందనుకుంటారు గాని, న్యాయం మాట్లాడుతున్నాడనుకోరు.

భాయ్ బల్ల దగ్గరికి వచ్చి, పెద్దమనిషి జరిపిన పళ్లెంలోంచి ముక్క తీసి నోట్లో వేసుకుని, అందరి ముందూ నమిలి మింగాడు.

"నేను నమాజ్ చదివేటోన్ని సాబ్. పిల్లిని తింటనా?"

లావుపాటాయన మూతి తుడుచుకుంటూ, "నౌకరీ కోసం ఎవలైనా ఏమైనా తింటరు" అన్నాడు.

ఆ మాటకు భాయ్ వెనక్కి తిరిగి వంటింట్లోంచి బయటికి వెళ్లిపోయాడు. పోయాడు, ఇక రాడనుకున్నాం. ఓనరు కూడా హమ్మయ్య అనుకున్నట్టే ఉన్నారు. కానీ ఆదివారం చెత్తబండి రాదు. కాసేపటికి రోడ్డు వైపు నుంచి ఏదో కలకలం వినబడింది. టీవీ పురాణం ఎప్పుడో అయిపోయింది, రోడ్డంతా జనం. ఆ జనం మధ్య నుంచి భాయ్ వస్తున్నాడు. ఒక చేతిలో రెండు కుందేలు తలలు, చెవులు పట్టుకుని. ఇంకో చేతిలో బొచ్చుకాలు. చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు కూడా చూశాడట. చూసి, బస్సును ఆపడం మర్చిపోయాడట.

ఆ రెండు తలలూ కాలూ తెచ్చి, బల్ల మీద, రొట్టెల పక్కనే పెట్టాడు.

"సూడుండ్రి సాబ్. మంచిగ సూడుండ్రి. చెవులు లెక్కపెట్టుకోండ్రి."

ముందు నోరు తెరిచింది మా ఓనరు. "దాచు! దాచవయ్యా బాబూ, ఎవరన్నా చూస్తారు!" అంటూ బల్ల మీది గుడ్డ లాగి ఆ తలల మీద కప్పబోయారు. గ్లాసులు దొర్లిపడ్డాయి. క్షమించమన్న మాట ఆయన నోటి నుంచి వస్తుందేమోనని నేను ఎదురుచూస్తున్నాను. రాలేదు.

పెద్దమనిషి గుడ్డ ఎత్తి చెవులు చూసి, వెనక్కి వాలి, హాయిగా నవ్వాడు. "అరే, కుందేలే! నేను చెప్పలే? మా అవ్వ వండినట్టే ఉన్నదని! ఏయ్ మాస్టర్, ఇంకింత కూర తే."

అంతే. వాళ్లకు అది తీరిపోయింది. ఒక మనిషి పరువును బల్ల మీద ఎముకలా అటూ ఇటూ దొర్లించి చూసి, సరే, బాగానే ఉందని పక్కకు పెట్టి, ఇంకింత కూర తే.

నేను వంటింట్లోకి పోయాను. భాయ్ కూర గిన్నె ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు, మూత మీద చెయ్యి పెట్టి. గిన్నెలో సగం పైనే కూర ఉంది. నేను గరిటె తీసుకోలేదు. వెనక్కి హాల్లోకి వచ్చి, "కూర ఉంది. దాన్ని కోసినాయన లోపల ఉన్నాడు. ఆయనకు తప్పయిందని ఒక మాట చెప్పండి, వడ్డిస్తాను" అన్నాను.

పెద్దమనిషి నవ్వు ఆగింది. "వంటోడు నాకు చెప్తుండా?" అని ఓనరును అడిగాడు, నన్ను కాదు. ఓనరు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. చేతులు కడగకుండానే ఆ అయిదుగురూ లేచి కారెక్కారు. కారు పోయిన దుమ్ములో ఓనరు చాలాసేపు నిలబడ్డారు. లీజు పోయిందనే అనుకున్నాం అందరం. పోలేదు. ఆ తర్వాత నెల తిరగకుండా అదే పెద్దమనిషి లీజు రాసిచ్చాడు. ఆ సందులో ఆ హోటల్ తప్ప ఇంకో బేరమే ఆయనకు లేదట. అంటే కుందేళ్లు తెప్పించనవసరమే లేకపోయింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నేను లేచి కాసేపు అటూ ఇటూ నడుస్తాను.

ఆ మధ్యాహ్నానికి వస్తాను. వంటింట్లో భాయ్ మూత తీశాడు. "రాండ్రి, తిందాం" అన్నాడు. వడ్డించేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, నేను, అందరం గిన్నె చుట్టూ కూర్చున్నాం. తింటుండగా ఓనరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"భాయ్... రేపు మటన్ ఎవరు కొడతారు?"

భాయ్ పక్కవాడికి ఇంకో ముక్క వేశాడు.

"ఏదో నోరు జారానయ్యా. కంగారులో. నా సంగతి నీకు తెలీదా? తప్పేలే, పోనీ."

"నన్ను గీడ అన్నవా సాబ్ ఆ మాట? హాల్ల అన్నవ్."

"హాల్లో ఇప్పుడెవరున్నారు భాయ్? అందరూ పోయారు కదా!"

"గది నాకెందుకు?"

ఓనరు నా వైపు చూశారు, ఏదైనా అంటానేమోనని. నేను రొట్టె తుంచుకున్నాను. ఆయన ఏదో గొణుక్కుని, హాల్లోకి నడిచారు. ఎంగిలి పళ్లేలూ దొర్లిన గ్లాసులూ తప్ప అక్కడేమీ లేవు. ఆ ఖాళీ కుర్చీల మధ్య నిలబడి, గొంతు సవరించుకుని, నెమ్మదిగా అన్నారు: "భాయ్ది తప్పేం లేదు. అది... అది పిల్లి కాదు."

"ఇనబడలే సాబ్," అన్నాడు భాయ్, ముద్ద కలుపుకుంటూ.

"పిల్లి కాదంటున్నానుగా!"

"పిల్లి గాదు సరే. మరేంది?"

ఆ ప్రశ్నకు ఓనరు బిగుసుకుపోయారు. మేమంతా నమలడం ఆపాం. హాలుకు ముందు తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. రోడ్డు మీద జనం పోతున్నారు. ఆయన ఒకసారి రోడ్డు వైపు చూశారు, ఒకసారి వంటింటి వైపు. తర్వాత కళ్లు గట్టిగా మూసుకుని, పంజాగుట్ట చౌరస్తా దాకా వినబడేలా అరిచారు:

"కుందేలు! అడవి కుందేలు! కోసింది మా భాయ్! మా భాయ్ చెయ్యి మంచిది! తప్పు నాది!"

రోడ్డు మీద పోతున్న ఒకాయన ఆగి, తలుపులోంచి తల లోపలికి పెట్టాడు.

"కుందేలున్నదా సేటూ? ప్లేటెంత?"

ఓనరు నోరు తెరిచేలోగా లోపలి నుంచి భాయ్ గొంతు వినబడింది.

"అయిపోయిందన్నా. రేపు రా, మటన్ ఉంటది."